దిగని ఫొటో

ఫొటో విషయంలో మన తెలుగులో రెండు మాటలున్నాయి. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో తీస్తాడు. ఎదురుగా నిలబడినవాడు ఫొటో దిగుతాడు. తీయడం ఒకరి పని, దిగడం ఇంకొకరి పని. పెళ్లిలోనో, తీజ్ పండుగలోనో, బడి వార్షికోత్సవంలోనో మన తండాల్లో జనం ఇష్టపడి ఫొటో దిగుతారు. తల దువ్వుకుంటారు, కొంగు సర్దుకుంటారు, ఊపిరి బిగబట్టి నిలబడతారు.

వీధిలో పోయేవాళ్లను వాళ్లకు తెలియకుండా తీసే ఫొటో వేరు. దాన్ని క్యాండిడ్ ఫొటో అంటున్నారు. అందులో తీసేవాడు ఉంటాడు గానీ దిగేవాడు ఉండడు. కళ్యాణదుర్గం బస్టాండులో అద్దాల పేటియా, కాంచళి కట్టుకున్న ముసలి యాడి కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఫోను ఎత్తుతారు. బెంగళూరు కూలికి మూటాముల్లె సర్దుకుని పోయే కుటుంబం కనిపించినా ఫోను లేస్తుంది. ఇది తప్పా, కాదా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదు ఇది.

ముందు తీసేవారి వాదన వినాలి. అడిగితే మనిషి మారిపోతాడని వాళ్లంటారు. చెనిక్కాయల మూట మోస్తున్న హమాలీని "అన్నా, ఒక ఫొటో" అని అడగ్గానే మూట దించి నవ్వుతాడు. ఆ నవ్వు అబద్ధం కాదు, కానీ అతని శ్రమ ఫొటోలోకి రాదు. ఈ వాదనలో నిజముంది. తెలియకుండా తీసే పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చినవారిలో ఫ్రాన్సు దేశపు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ ముఖ్యుడు. 1948 జనవరిలో, గాంధీజీ చివరి రోజుల్లో, ఆయన్ను ఫొటోలు తీసింది ఈయనే. అయితే తన ముఖాన్ని ఇతరులు ఫొటో తీయడం ఆయనకు గిట్టేది కాదు. వీధిలో కనబడకుండా తిరగడం తన పనికి అవసరమనుకున్నాడు. అదే అవసరం వీధిలోని మిగతావాళ్లకూ ఉండవచ్చు కదా!

వీధి అందరిదీ, అక్కడ కనిపించేదానికి అనుమతి ఎందుకని ఇంకో వాదన. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషికి గోప్యత పోదని కూడా ఆ తీర్పులో ఉంది. అలాగని వీధిలో తీసే ప్రతి ఫొటోకూ అనుమతి కావాలని మన చట్టాలు చెప్పవు. అంటే చట్టం ఆగిన చోట మన విచక్షణ మొదలవ్వాలి.

మనకు ఈ ప్రశ్న నిన్నమొన్నటిది కాదు. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోల పుస్తకం వేసింది. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. అందులో లంబాడీలూ ఉన్నారు, కొరవలూ ఉన్నారు. మనుషుల తలలనూ ముక్కులనూ కొలిచి లెక్కలు రాసుకున్నాడు. అలాంటి పుస్తకాల్లో చాలా ఫొటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకల సోదరుల వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. మనల్ని చూడడానికి, కొలవడానికి, రాసుకోవడానికి అప్పుడు అధికారులున్నారు. మనల్ని అడగడానికి మాత్రం ఎవరూ లేరు.

మన కరువునూ అలాగే తీశారు. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని బలి తీసుకుంది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరు జిల్లా అయింది. ఆ కరువుకు బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఆ ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. 1886లో ఇదే హూపర్ బర్మాలోని మాండలేలో మరణశిక్ష పడినవాళ్లను కాల్చే సమయాన ఫొటోలు తీస్తే, ఆ గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. ఆ కరువు ఫొటోలు లేకుంటే మన పూర్వీకుల కాలపు ఆకలి ఎంతటిదో ఈనాడు కళ్లకు కట్టేది కాదు. అది ఒప్పుకోవాలి. ఆ మనుషులు ఎవరో, వాళ్లకు ఒక పూట గంజి దొరికిందో లేదో ఫొటో చెప్పదు. అదీ ఒప్పుకోవాలి.

అమెరికాలో జరిగిన సంగతి ఒకటి మన పిల్లలకు చెప్పదగినది. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక తల్లినీ పిల్లలనూ ఫొటో తీసింది. 'వలస తల్లి' అని ఆ ఫొటో లోకమంతా తెలిసింది. పత్రికలో వచ్చాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికే ఆ తల్లి పిల్లలతో వేరే చోటికి పోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. 1978లో గానీ ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటికి తెలియలేదు. ఆమె అక్కడి ఆదివాసులైన చెరోకీల సంతతి. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె చెప్పింది. 1983లో ఆమె జబ్బుపడినప్పుడు, ఆ ఫొటో తెలిసిన జనమే వైద్యానికి డబ్బు పంపారు. ఒకే ఫొటో మేలూ చేసింది, ఆమెను నొప్పించింది కూడా. ఆ రెండింటిలో ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చెప్పకూడదు.

అలాగైతే అడగకుండా ఎప్పుడూ తీయకూడదా? 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసు అధికారి జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి నొక్కుతుంటే, 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ ఫోనులో వీడియో తీసింది. ఆ పోలీసును అనుమతి అడిగి ఉంటే న్యాయం జరిగేదా? మన బిడ్డల్ని ఎవరైనా కొడుతుంటే, రేషన్ తూకంలో మోసం చేస్తుంటే అడగకుండానే తీయాలి. బలం ఉన్నవాడు తప్పు చేస్తున్నప్పుడు కెమెరా సాక్ష్యం అవుతుంది. బలం లేనివాడు కష్టంలో ఉన్నప్పుడు అదే కెమెరా అతని మీద ఇంకో బరువు కావచ్చు. కాబట్టి అడిగామా లేదా అనే దానితోపాటు ఎవరి వైపు నుంచి ఎవరి మీదికి కెమెరా తిప్పామన్నది కూడా చూడాలి.

ఇన్నాళ్లూ మనం ఫొటోలో ఉన్నవాళ్లం. ఇప్పుడు ఫోను మన యువకుల చేతిలో ఉంది. తాగి పడిపోయిన మామ, మతి తప్పి తిరిగే అక్క, కొళాయి కాడ బిందెల కోసం కొట్లాడుకునే ఆడవాళ్లు రీల్స్‌లో కనిపిస్తున్నారు. తీసింది మనవాళ్లే కదా అని సర్దుకోలేం. థర్‌స్టన్ పుస్తకం చూడనివాళ్లకు అది తెలియదు. రీల్ మాత్రం సాయంత్రానికి తండాకే తిరిగొస్తుంది, ఆ అక్క చెల్లెలి పెళ్లి సంబంధం దాకా పోతుంది.

మాకు తోచిన పద్ధతి ఇది. గుత్తి మండలం చెర్లోపల్లి సేవాగడ్‌లో ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతికి వచ్చే జనసందోహాన్ని తీయడానికి ఒక్కొక్కరినీ అడగనక్కర లేదు. ఒక్క మనిషి ముఖం మీదికి పోతే మాత్రం అడగాలి. అడిగితే ఆ క్షణం పోతుందనుకుంటే, తీసిన వెంటనే దగ్గరికి పోయి, "యాడీ, ఇదిగో చూడు, ఉంచమంటావా?" అని చూపాలి. వద్దంటే ఆమె ఎదుటే తీసేయాలి. ముందు దిగనివాళ్లకు తరువాతైనా దిగే అవకాశం, కాదనే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఏడుస్తున్నవాళ్లను, ఒళ్లు తెలియనివాళ్లను, స్నానాల చోట ఆడవాళ్లను అసలు తీయకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. ఫొటో ఎక్కడ పెడతామో ముందే చెప్పాలి. కింద తెగ పేరు ఒక్కటే రాయకుండా, ఒప్పుకుంటే మనిషి పేరు రాయాలి.

ఉపాధ్యాయ మిత్రులు దీనికి ఒక పీరియడు కేటాయిస్తే బాగుంటుంది. పిల్లల ఫోన్లలోని పది ఫొటోలు తీసుకుని, ఏ మనిషి దిగాడు, ఏ మనిషిని తీశారు అని వాళ్లనే వేరు చేయమందాం. ఆ తరువాత తండాలో ఫొటో దిగిన ముసలివాళ్లకు ఒక్కో ప్రింటు వేయించి ఇద్దాం. ముఖం వాళ్లది కాబట్టి మొదటి కాపీ వాళ్లింటి గోడకే చేరాలి.