వెనక సీటు

పోయినేడాది కొత్త బైక్ కొందామని మూడు నెలలు షోరూమ్‌ల చుట్టూ తిరిగాను. అన్నిచోట్లా నేనడిగింది ఒకటే ప్రశ్న: "లాంగ్ రైడ్‌కి కంఫర్ట్‌గా ఉంటుందా?" అన్నిచోట్లా వచ్చింది ఒకటే జవాబు: "సోఫాలో కూర్చున్నట్టు ఉంటుంది సార్." ఎవరికి కంఫర్ట్ అని నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. ఆ ప్రశ్నలో ఒక మనిషి తక్కువయ్యారని అప్పటికి నాకు తట్టలేదు.

నేనుండేది హైదరాబాద్‌లో. అమ్మానాన్నలు మార్కాపురంలో. శ్రీశైలం మీదుగా పోతే దాదాపు 300 కిలోమీటర్లు. నల్లమల మధ్యలోంచి పోయే ఆ దారంటే నాకు పిచ్చి. బస్సులో పోతే అడవి కిటికీ అవతలే ఉండిపోతుంది, బండి మీద పోతే చలితో, ఆకు వాసనతో సహా ఒంటికి తగులుతుంది. పాత బండి మీద నాలుగేళ్లు అట్లా తిరిగాక నా నడుము మొరాయించింది. డాక్టరు బండి మానేయమన్నాడు. నేను బండి మార్చాలనుకున్నాను.

నడుంనొప్పి మనిషిని మంచి విద్యార్థిని చేస్తుంది. బండి మీద సుఖమంతా మూడు చోట్ల ఆధారపడి ఉంటుందని నేర్చుకున్నాను: చేతులు పట్టుకునే హ్యాండిల్, కూర్చునే సీటు, పాదాలు పెట్టే ఫుట్‌రెస్ట్. ఈ మూడింటి మధ్య దూరాలే మన బరువు ఒంట్లో ఎక్కడ పడాలో తేలుస్తాయి. స్పోర్ట్స్ బైక్ మనల్ని ముందుకు వంచి ఆ బరువుని మణికట్ల మీద వేస్తుంది. క్రూయిజర్ కాళ్లు ముందుకు చాపిస్తుంది. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది గానీ గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేవలేం, దెబ్బంతా ముడ్డిపూసకే. పాదాలు తొడల కిందికి వచ్చేలా నిటారుగా కూర్చోబెట్టే బండి దూరాలకి మేలు. కానీ అలాంటివి కాస్త ఎత్తుగా ఉంటాయి. మీటియర్ 350 సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, పాత హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లు. తేడా మూడున్నర సెంటీమీటర్లే. సిగ్నల్ దగ్గర నాలాంటి పొట్టివాడి మడమ నేలకి ఆనుతుందా లేదా అన్నది ఆ మూడున్నర సెంటీమీటర్లే తేలుస్తాయి.

ఇంకోటి కూడా తెలిసింది. మెత్తటి సీటు అబద్ధమాడుతుంది. షోరూమ్ వాళ్లిచ్చే పది నిమిషాల టెస్ట్ రైడ్‌లో దానంత సుఖం ఇంకోటి ఉండదు. గంట గడిచేసరికి ఫోమ్ అణిగిపోయి, కింద ఉన్న గట్టి ప్లాస్టిక్ మన ఎముకలకి తగులుతుంది. మొదట్లో గట్టిగా అనిపించిన సీటే మూడో గంటలో ఆదుకుంటుంది.

ఇంత చదువూ చదివి ఒక 350 సీసీ బండి కొన్నాను. ఒక్కణ్ణే మార్కాపురం పోయొచ్చాను. నడుము కిక్కురుమనలేదు. గెలిచాననుకున్నాను.

తర్వాత నెలలో నాన్న కంటి పరీక్షకని హైదరాబాద్ వచ్చాడు. ఆయనకి 67 ఏళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు "బస్సెందుకు నాన్నా, నేను దింపుతా" అన్నాను. నాకు బండి నేర్పింది ఆయనే. చిన్నప్పుడు మా ఇంట్లో చేతక్ స్కూటర్ ఉండేది. నేను ముందు నిలబడేవాణ్ణి, అమ్మ వెనక పక్కకి తిరిగి కూర్చునేది, చెల్లి అమ్మ ఒళ్లో ఉండేది. ఆయన నడిపిన దారిలో ఇప్పుడు ఆయన్ని నేను తీసుకుపోవాలని ఒక సరదా. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సరదా నాది.

పొద్దున ఐదింటికి బయల్దేరాం. మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్టు రాత్రంతా మూసి ఉంటుంది, మేం చేరేసరికి తీసి ఉంది. అడవిలో స్పీడ్ బ్రేకర్లు, దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగే మలుపులు, మళ్లీ ఎక్కుడు. ఆగినచోటల్లా అడిగాను, "బానే ఉందా నాన్నా?" అని. ఆగినచోటల్లా "బానే ఉంది" అన్నాడు. దోర్నాల దగ్గర మాత్రం టీ నిలబడే తాగాడు. నేను గమనించాను, కానీ ఏమీ అనుకోలేదు.

ఇంటి ముందు బండి ఆపాక నాన్న దిగలేదు. కాలు పైకి లేవడం లేదు. నేను బండి పట్టుకుంటే అమ్మ వచ్చి ఆయన మోకాలి కింద చెయ్యి పెట్టి, కాలు ఎత్తి, ఇవతలికి దింపింది. ఆయన అరుగు మీద కూలబడి నీళ్లు తాగి, కాసేపటికి అమ్మ వంక చూశాడు.

"ముప్పై ఏళ్లు నా వెనకాల ఎట్టా కూర్చున్నావే నువ్వు?"

"ఎట్టా కూర్చుంటాం? కూర్చున్నా."

"నొప్పని ఒక్కనాడన్నా అన్లేదే."

"అడిగేవాళ్లుగా. బానే ఉందనేదాన్ని. బాలేదంటే ఏం జేసేవాళ్లు, స్కూటరు అమ్మేసేవాళ్లా?"

నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దుటినుంచీ నేను అడిగిన "బానే ఉందా"కి కూడా ఇదే అర్థం కదా అనిపించింది.

ఆ రాత్రి మా చట్టం వెనక కూర్చునేవాళ్ల గురించి ఏం చెప్పిందో వెతికాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. పట్టుకోడానికి ఒక పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. పడిపోకుండా, చీర చుట్టుకుని చచ్చిపోకుండా చూడ్డం వరకు చట్టం పని. అది తప్పని అనను, ప్రాణం కాపాడ్డం చిన్న సంగతేం కాదు. కానీ కొత్త బండి ఇంటికి రాగానే లుక్కు పాడవుతోందని మా ఫ్రెండ్స్‌లో సగంమంది పీకించేది ఆ గార్డునే. నేనూ పీకించాను. ముందు కూర్చునేవాడి అందానికి వెనక కూర్చునేవాళ్ల కొంగు అడ్డం.

కారులో వెనక సీటు పెద్దమనిషిది. రథంలోనూ అంతే, తోలేవాడు సారథి, వెనక ఉన్నవాడు యోధుడు. కృష్ణుడంతటివాడు తోలినా ఆ రథం అర్జునుడిదే. మోటారుసైకిల్ ఒక్కటే ఈ లెక్కని తిరగేసింది. ఇక్కడ తోలేవాడే హీరో, వెనక ఉన్నది లగేజీకి కాస్త పైమాట. బండి ప్రకటనల్లో చూడండి, కొండల్లో ఒంటరిగా పోతుంటాడు. వెనక ఎవరూ ఉండరు.

ఒంటికి తగిలే దెబ్బలోనూ ఈ తేడా ఉంది. ముందున్నవాడు రెండు చక్రాల మధ్యలో కూర్చుంటాడు. వెనక చక్రం గుంతలో పడి లేస్తే ఆ కుదుపులో అతనికి అందేది కొంతే. వెనకున్న మనిషి దాదాపు ఆ చక్రం మీదే ఉంటారు, కుదుపంతా వాళ్లకే. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. నాకు గుంత ముందే కనిపిస్తుంది. కనిపించగానే హ్యాండిల్ బిగించి పట్టుకుంటాను, ఫుట్‌రెస్ట్ మీద కొంచెం లేస్తాను, ఇదంతా ఆలోచించకుండానే జరిగిపోతుంది. నాన్నకి కనిపించేది నా వీపు. ఆయన ఒంటికి గుంత సంగతి పడ్డాకే తెలుస్తుంది. ఘాట్‌రోడ్డులో కారు నడిపేవాడికి వాంతులు రాకపోవడం, వెనక కూర్చున్నవాళ్లకి రావడం మనందరం చూసిందే. అదే రోడ్డు, అవే మలుపులు. ఒకరికి మలుపు ముందే తెలుసు.

అంటే ఫోమ్, సీటు ఎత్తు, త్రికోణం అంటూ నేను వెతికిన సుఖంలో పెద్ద భాగం అసలు సీటులో లేదు. ఏం రాబోతోందో తెలియడంలో ఉంది, కావాలంటే ఆపగలగడంలో ఉంది. ఆ రెండూ నా చేతిలో పెట్టుకుని "బానే ఉందా" అని ఆయన్ని అడిగాను. ఇది బండికే పరిమితమైన సంగతి కాదని మీకూ అనిపిస్తూ ఉండాలి. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, ఏ ఊరికి మారాలి, ఎప్పుడు సెలవు పెట్టాలి అని తేల్చేవాళ్లు కూడా ఇంట్లో మిగతావాళ్లని ఈ మాటే అడుగుతారు. వాళ్లూ ఈ జవాబే చెబుతారు.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చేసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మనలో చాలామంది కాలేజీ రోజుల్లో చదివిందే. నేను చదివినప్పుడు నాణ్యత గురించి తండ్రి చేసే ఆలోచనలన్నీ గీతలు పెట్టుకున్నాను. ఈమధ్య మళ్లీ తిరగేస్తే వెనక కూర్చున్న కొడుకు కనపడ్డాడు. మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా ఆ పిల్లాడు చూసింది ఎక్కువగా తండ్రి వీపునే. చివర్లో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, తండ్రి భుజాల మీదుగా ముందున్న దారిని చూస్తాడు. అప్పుడు వాడికి అంతా వేరుగా ఉంటుంది. అంత తత్త్వం ఆలోచించిన మనిషికి కూడా వెనక సీటు నుంచి ఏం కనపడుతోందో తెలియడానికి పుస్తకం అయిపోవాల్సి వచ్చింది.

నన్ను నేను వెనకేసుకొచ్చే ప్రయత్నమూ చేశాను. నాన్న పెద్దమనిషి, నోరుంది, నొప్పి అయితే చెప్పాలి కదా. బస్సుకి పోదామనుంటే పోవచ్చు కదా. నిజమే, కొంత బాధ్యత ఆయనదీ. పైగా కష్టం లేకుండా ప్రయాణంలో ఏం ఉందని కూడా వాదించుకున్నాను. ఎండ, చలి, కాళ్ల తిమ్మిరి అన్నీ కలిస్తేనే కదా లాంగ్ రైడ్. ఇక్కడే నా వాదన ఆగిపోయింది. నేను ఎంచుకున్న కష్టానికి సాహసం అని పేరు పెట్టుకునే హక్కు నాకుంది. నా ఎంపిక వల్ల ఇంకొకరు పడే కష్టానికి ఆ పేరు పెట్టే హక్కు లేదు. ఆయన "బానే ఉంది" అనడంలో నొప్పి సమాచారం లేదు, నా సరదా చెడకూడదన్న ప్రేమ ఉంది. ప్రేమతో చెప్పిన జవాబుని రసీదులా జేబులో వేసుకోవడం నా తప్పు.

హైదరాబాద్ వచ్చాక ఒక ఆదివారం మా ఫ్రెండ్‌కి తాళం ఇచ్చి, నా బండికి వెనక ఎక్కాను. యాదగిరిగుట్ట దాకా పోయి వచ్చాం. మొదటి అరగంటకే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు బ్రేక్ వేసినప్పుడల్లా ముక్కు వాడి హెల్మెట్‌కి కొట్టుకుంది. వాడు భువనగిరి దగ్గర ఆపి "బానే ఉందారా?" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక, కొన్నప్పటినుంచీ తీయని టూల్ కిట్ తీశాను. వెనక ఇద్దరి బరువు పడేటప్పుడు స్ప్రింగుల బిగువు పెంచుకోడానికి షాక్ అబ్జార్బర్ల మీద మెట్లు మెట్లుగా తిప్పే ఏర్పాటు చాలా బండ్లకి ఉంటుంది. తిప్పడానికి కొక్కెంలాంటి స్పానర్ ఒకటి వస్తుంది. అది ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. నా నడుం కోసం మూడు నెలలు చదివినవాణ్ణి, వెనక మనిషి కోసం అయిదు నిమిషాలు తిప్పలేదు. శారీ గార్డ్ కూడా వెనక్కి పెట్టించాను. మెకానిక్ విచిత్రంగా చూశాడు.

పోయిన నెల నాన్న మళ్లీ వచ్చాడు, బస్సులో. ఎంజీబీఎస్ నుంచి ఇల్లు ఆరు కిలోమీటర్లు. ఆటో ఎక్కుదామన్నాను. "బండి తెచ్చావుగా, పద" అన్నాడు. దారంతా వెనక్కి కేకేసి చెబుతూ నడిపాను: నాన్నా గుంత, నాన్నా బ్రేకు, నాన్నా కుడికి తిరుగుతున్నా.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటాక ఆయన నా భుజం మీద తట్టాడు.

"నువ్వు రోడ్డు చూడరా ముందు."

కానీ తట్టిన చెయ్యి తియ్యలేదు. ఇల్లు వచ్చేదాకా భుజం పట్టుకునే కూర్చున్నాడు.