చప్టా కాడ ఆగిన బండి

మా నాయినకు చదువు రాదు. రోడ్డు పక్క రాయి మీద ఏ ఊరి పేరుందో చదవలేడు. అయినా ముప్పై ఏండ్లు లారీల మీద బతికాడు. కిలీనర్‌గా ఎక్కి డ్రైవర్ అయ్యాడు. ఇల్లందు బొగ్గు, ఖమ్మం మిర్చి, భద్రాచలం అడవి వెదురు - అన్నీ మోశాడు. ఏ మలుపు కాడ చింతచెట్టుంది, ఏ వాగు ఎంత వానకు చప్టా మీదికొస్తది, ఏ ఎత్తుకు ఏ గేరు పడాలె - అంతా ఆయన ఒంట్లోనే ఉండేది.

దాన్ని చదువని ఎవరూ అనలేదు. 'అలవాటు' అన్నారు. మా తాతలు తోలు ఊనితే అదీ అలవాటే. పంతులు శ్లోకం అప్పజెప్తే మాత్రం చదువు.

మాది కారేపల్లి. మండలం పేరు సింగరేణి. బొగ్గు కంపెనీ పేరు మా దగ్గర్నుంచి పోయిందే. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది డాక్టర్ కింగ్ అని నేను బళ్ళో పాఠం చెప్తాను. బొగ్గు పొరకు కూడా ఆయన పేరే పెట్టారు. ఆ అడవిలో ఏ వాగు ఎక్కడ దాటాలో ఆయనకు చెప్పినవాళ్ళెవరు? నేను చెప్పే పాఠంలో ఆ పేర్లు లేవు.

ఇంత తెలిసిన నాయినకు ఒక్కటే భయం - తెలియని ఊళ్ళో దారి అడగడం. బండి దిగి అడిగితే ముందు 'ఏ ఊరు? ఎవరోళ్ళు?' అనే ప్రశ్న వచ్చేది. దారి ఆ తర్వాత వచ్చేది. కొన్ని ఊళ్ళల్లో హోటల్ కాడ మా గ్లాసు వేరే. అందుకే అడగకుండా పది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోయేవాడు. ఆ డీజిల్ లెక్క ఆయన జీతంలోంచి పోయేది.

ఇప్పుడు మా అన్న లారీ తోలుతున్నాడు. నన్ను చదివించడానికి తన చదువు పదిలోనే ఆపుకున్నాడు. ఫోన్లో మ్యాపు పెట్టుకున్న కొత్తలో అన్న మాట నాకు గుర్తుంది: "తమ్మీ, ఇది ఎవరోళ్ళని అడగదురా." అందుకే ఆ యంత్రాన్ని నేను తిట్టలేను. పాత రోజులే బాగుండేవని చెప్పుకోవడానికి మాకు పాత రోజులు లేవు.

2024 ఆగస్టు 31 రాత్రి. ఖమ్మం, మానుకోట జిల్లాల మీద ఆకాశం కూలినట్టు వాన. అన్న హైదరాబాద్ నుంచి యూరియా లోడుతో వస్తున్నాడు. ముందు బండ్లు నిలిచిపోతే ఫోను ఊళ్ళ మీదుగా దగ్గరి దారి చూపింది. అటు తిప్పాడు. ఒక వాగు కాడ ఆపి నాకు ఫోన్ చేశాడు. "చీకట్ల చప్టా కనబడతలేదు. నీళ్ళ సప్పుడు ఏరేగ ఉంది. ఫోనేమో పొమ్మంటంది. ఓనరేమో ఎందుకాగినవని అంటండు. ఏంజెయ్యాలె?"

నేను ఇంట్లో, మంచం మీద ఉన్నాను. నా ఫోన్లో చూశాను. గీత నీలంగా ఉంది. "దారి కనబడుతుంది గదా, ముందు జామ్ గూడ లేదు. మెల్లగ పో" అన్నాను.

లైన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

అన్న పోలేదు. తెల్లారి చూస్తే చప్టా సగం లేదు. ఆ తెల్లవారుజామునే మా మండలం తండా నుంచి కారులో బయల్దేరిన తండ్రీబిడ్డలను ఆకేరు వాగు తీసుకుపోయింది.

ఆ దారి ఎందుకు కనబడిందో నాకు తెలియనిది కాదు. పిల్లలకు నేనే చెప్తాను. దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు టైము పంపుతుంటాయి. నాలుగింటి టైము అందితే ఫోను తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. అమెరికా సైన్యం తన అవసరానికి మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. అది చెప్పేది నువ్వెక్కడున్నావో అంతే. నీ ముందున్న చప్టా ఉందో పోయిందో చెప్పదు. దారి గీత ఎప్పుడో ఎవరో ఎక్కించింది. 2023 డిసెంబర్‌లో సిద్దిపేట జిల్లాలో మ్యాపు నమ్మి హుస్నాబాద్ పోతున్న ఒక లారీ గౌరవెల్లి ప్రాజెక్టు నీళ్ళలోకి దిగింది. లోపలున్నవాళ్ళు బతికి బయటపడ్డారు. ఆ ప్రాజెక్టు కింద గుడాటిపల్లి ముంపు ఊరు. పరిహారం కోసం జనం కొట్లాడిన ఊరు. దారి నీళ్ళ కింద పడింది. మ్యాపులో మాత్రం బతికే ఉంది.

ఇదంతా తెలిసిన నేను 'పో' అన్నాను. ఎందుకన్నాను? అన్న చెవి కన్నా ఫోను గీత నాకు పెద్దదిగా కనబడింది. నాయిన తెలివిని 'అలవాటు' అన్నవాళ్ళ మీద నాకు కోపం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీ పట్టుకుని నేను చేసిందీ అదే.

తర్వాత ఓనరు లెక్క తీశాడు. బండికి పెట్టిన ట్రాకర్ ఆరు గంటలు ఆగినట్టు చూపించింది. "పండుకున్నవా, తాగి పడ్డవా?" అన్నాడు. అన్న తెగిన చప్టా ఫోటో పంపాడు. "ఫోటో సరే, లేటుకు పైసలెవడు కడతడు?" అన్నాడు. బత్తా కోశాడు. బండి ఆగిన చోటు ఆ యంత్రంలో పడుతుంది. ఆగిన కారణం పడదు.

మా అన్న తప్పు చేయడా? చేస్తాడు. 2019లో ఒకసారి ఫోను వద్దంటున్నా తెలిసిన దారేనని పోయాడు. వంతెన పనికి ఆ దారి తవ్వి ఉంది. ముప్పై కిలోమీటర్లు వెనక్కి రావలసి వచ్చింది. ఆ రోజు ఫోన్‌దే నిజం. ఆ డీజిలూ జీతంలోంచే పోయింది. "నీ తెలివి ఎవడడిగిండు?" అన్నాడు ఓనరు. చప్టా కాడ ఫోను తప్పింది. ఫోను బత్తా ఎవరూ కోయలేదు.

1936లో లాహోర్ సభ కోసం అంబేద్కర్ రాసిన ఉపన్యాసం 'కులనిర్మూలన'. ఆ సభనే రద్దు చేశారు. అందులో ఆయన రూలుకూ సూత్రానికీ తేడా చెప్పాడు. రూలు ఏం చేయాలో చెప్తుంది, చేసేవాడు ఆలోచించే పని లేదు. సూత్రం ఎట్లా తూచాలో చెప్తుంది, తూచి చేసినవాడే ఆ పనికి బాధ్యుడు. మతం పేరుతో మన నెత్తికెత్తింది రూళ్ళ మూట అన్నాడు.

ఓనరు కోరేది ఈ రెండూ కాదు. పోయేటప్పుడు డ్రైవరు రూలు లెక్క నడవాలె. నష్టమొస్తే తూచి చేసినవాడి లెక్క బాధ్యత మొయ్యాలె. ఇది మాకు కొత్త కాదు. శాస్త్రం చెప్పినట్టు నడువు, దెబ్బ తగిలితే నీ కర్మ అని మా తాతలకు చెప్పిందీ ఇదే.

'యంత్రమా, మనిషి బుద్ధా' అని చర్చలు పెడతారు. ఎవరి బుద్ధి అని అడగరు. సొంత బుద్ధితో నడవడానికి తెలివి ఒక్కటే చాలదు. ఆగినందుకు కూడు పోదన్న ధీమా ఉండాలె. నాకు ఒకటో తారీఖు జీతం వస్తుంది, నేను తప్పు చెప్పినా వస్తుంది. అన్న సరిగ్గా ఆగినా కోతే. కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, డ్రైవర్ల సంఘాల్లో పనిచేసేవాళ్ళారా, ఫోను మంచిదా చెడ్డదా అని పొద్దుపుచ్చకండి. వానకో, వాగుకో, నిద్రకో ఆగిన డ్రైవరుకు బత్తా కోయొద్దని కాగితం మీద రాయించండి. ట్రాకర్ లెక్క పక్కన డ్రైవరు చెప్పిన కారణం కూడా రాయాలని అడగండి.

పోయిన సంక్రాంతికి అన్నతో ఆ రాత్రి సంగతి ఎత్తాను. "నేను పొమ్మన్న గదనే" అన్నాను. అన్న చానాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సదువుకున్నోనివి. ఇంకోమాట అంటె నీ మాట కాదనలేకపోదు. అందుకే ఫోను కట్ జేసిన."