ఏరు దాటిన తరువాత

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని మన సామెత. ఇది విని పిల్లలు నవ్వుతారు. పడవ ఎక్కవలసినప్పుడు మల్లయ్యకు ఎంతో గౌరవం. ఒడ్డు చేరగానే అతని బోడితల మాత్రమే కంటికి ఆనుతుంది. నవ్వు తెప్పించే మాటే గాని, ఇందులో ఒక ధర్మసందేహం ఉన్నది. మనలను దాటించినవారికి, దాటిన తరువాత, మనం ఏమి ఋణపడి ఉంటాము? గడచిన వేసవిలో నీటిమీద మేము పొందిన ఆనందం ఈ ప్రశ్నను మా ముందు నిలిపినది.

బోధన వృత్తినుండి విశ్రాంతి పొందిన మేమిద్దరం ఆ వేసవిలో రెండు విధాలుగా నీటిమీద విహరించాము. మొదటిది మన ప్లెయిన్స్‌బరో అంచునే ఉన్న కార్నెగీ సరస్సులో, చిన్న తెరచాప పడవలో. గాలికి ఎదురుగా పడవ తిన్నగా సాగదు. కొంతదూరం కుడికి ఏటవాలుగా, కొంతదూరం ఎడమకు ఏటవాలుగా పోతేనే ముందుకు చేరగలము. మలుపు తిరిగిన ప్రతిసారీ తెరచాప తలమీదుగా ఈ పక్కనుండి ఆ పక్కకు వస్తుంది, వంగి తప్పుకోవాలి. అరవై దాటిన మోకాళ్లకు అది కొంత కష్టమే. గాలి పడిపోయిన సాయంత్రాలలో తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరేవాళ్లం. తెరచాప, చుక్కాని, తెడ్డు, లంగరు: సాయంకాలపు తెలుగు తరగతిలో పెద్దవయసున నేర్చుకున్న మాటలు అక్కడ మా చేతికి తగిలినవి.

రెండవది బేయోన్ రేవునుండి బెర్ముడాకు పెద్ద ఓడలో ప్రయాణం. వెరజానో వంతెన కిందుగా ఓడ సాగిపోతుంటే పై అంతస్తు మీద అందరూ తలలెత్తి చూశారు. తెల్లవారేసరికి నాలుగు దిక్కులా నీరే. మనవలు, మేము, వేడి కాఫీ, ఉప్పుగాలి. ఆ ఉదయాన్ని మేము మరువలేము.

అయితే మా కుటుంబ చరిత్రలో సముద్రానికి మరొక ముఖం ఉన్నది. మేము దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చెరకు తోటల కూలీలుగా వెళ్లినవారి సంతతి. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ, నవంబరు 16న 342 మంది కూలీలతో డర్బన్ రేవు చేరినది. 1911 వరకు అలా వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారు ఎందరో. ఓడల జాబితాలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు. మా ముత్తాత సంఖ్య స్పష్టంగానే ఉన్నది. ఆయన ఊరి పేరును మాత్రం ఆ ఇంగ్లీషు అక్షరాలలో ఎన్ని విధాల చదివినా పోల్చుకోలేకపోయాము.

అటువంటి సముద్రం మీద వేడుకగా తిరగవచ్చునా? ఈ ప్రశ్నకు మా బంధువులలో రెండు సమాధానాలు ఉన్నవి. గతం గతః, టిక్కెట్టు కొన్నారు, ఆనందించండి అనేది ఒకటి. ఆ నీరు మన కన్నీరు, దానిమీద విందులూ వినోదాలూ తగవు అనేది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. రెండూ చాలవు అని మా అభిప్రాయం.

మొదట రెండవదానిని చూద్దాం. దుఃఖపడినవారి సంతతి ఆనందించడం ద్రోహమైతే, ఆ పెద్దలే మొదటి ద్రోహులు కావాలి. ఎందుకంటే ఓడ అడుగున కూడా వారు స్నేహాలు చేసుకున్నారు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు "జహాజీ భాయి" అని పిలుచుకుని, కులమూ ఊరూ వేరైనా తోబుట్టువులవలె మెలిగారు. మనం దిగులుగా ఉండాలని వారు చెరకు నరకలేదు.

పైగా దోషం నీటిది కాదు. వేడుక ప్రయాణానికీ వెట్టి ప్రయాణానికీ తేడా ఒక్కటే: చుక్కాని ఎవరి చేతిలో ఉన్నది? సరస్సులో మాకు అలసట కలిగితే పడవ తిప్పుకుని వచ్చేవాళ్లం. మా ముత్తాతకు ఐదేళ్ల ఒప్పందం. గడువు తీరాక ఏమి చేయాలో కూడా చట్టమే చెప్పినది. 1895 నాటి చట్టం ప్రకారం ఆ తరువాత వచ్చినవారు గడువు ముగిశాక స్వదేశానికి పోవాలి, లేదా మళ్లీ కూలి ఒప్పందం చేసుకోవాలి, లేదా ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. తొలి ఏటి కూలి నెలకు పది షిల్లింగులు. మూడు పౌన్లంటే ఆరు నెలల కష్టం. 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను తొలగలేదు.

ఇక "గతం గతః" అనే మాట. బెర్ముడాలో మా ఓడ ఆగిన రేవు పూర్వం నౌకాదళపు స్థావరం. 1823 నుండి 1863 వరకు బ్రిటన్‌నుండి తెచ్చిన ఖైదీలు అక్కడ సున్నపురాయి తొలిచి గోడలు కట్టారు. ఇప్పుడు ఆ గోడల మధ్య ఐస్‌క్రీమ్ దుకాణాలు. ఇంటి దగ్గర కూడా అంతే. కార్నెగీ సరస్సు పక్కనే సాగే డెలావేర్-రారిటన్ కాలువను ఎక్కువగా ఐరిష్ కూలీలు పారలతో, గునపాలతో తవ్వారు. 1832లో కలరా వచ్చి వారిలో ఎందరో పోయారు. 1834లో కాలువ పూర్తయినది. అదే ఏడు నవంబరులో మారిషస్‌లో భారతీయ కూలీల తొలి ఓడ దిగినది. ఆదివారంనాడు మన పిల్లలు సైకిలు తొక్కే ఆ గట్టుమీద కూడా మల్లయ్యలు ఉన్నారు. గతం గడచిపోలేదు, మనం దానిమీదనే నడుస్తున్నాము.

ఓడలో మా గది సర్దిన యువకుడు గోవావాడు. ఎనిమిది నెలల ఒప్పందం. అతడు సముద్రం మీద ఉండగా ఇంటివద్ద కూతురు నడక నేర్చినదట. ఇదీ వెట్టియే అంటే తొందరపాటు అవుతుంది. 2006 నాటి అంతర్జాతీయ నావిక శ్రామిక ఒప్పందం అతనికి రోజుకు కనీసం పది గంటల విశ్రాంతినీ, గడువు తీరాక యజమాని ఖర్చుతో ఇంటికి చేరే హక్కునూ ఇస్తున్నది. మా ముత్తాతకూ అతనికీ మధ్య ఉన్న దూరం ఆ హక్కే. అది ఎవరి దయవల్లనో రాలేదు, పోరాడి తెచ్చుకున్నది.

సముద్రం మీద ఉన్నవానికి న్యాయం చేయాలన్న ఆలోచన మనకు పరాయిది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన ప్రకటించాడు. ఆపదలో ఉన్నవానిని దోచుకోకపోవడమే అక్కడ ధర్మం.

కాబట్టి మా సమాధానం ఇది. ఆనందించవచ్చును, అది మన పెద్దల కష్టానికి దక్కిన ఫలం. ఆ ఆనందాన్ని మోస్తున్నది ఎవరో తెలుసుకోకుండా ఆనందించడమే తగదు. ఋణం తీర్చడానికి పెద్ద పనులు అక్కరలేదు. గది సర్దేవారి పేరు అడగడం, ఆ పేరుతో పిలవడం, వారి కష్టానికి తగినట్లు ఇవ్వడం, వారి హక్కుల మాట వచ్చినప్పుడు మౌనంగా ఉండకపోవడం. గోవా యువకుని పేరు మాకు తెలుసు. అతని అనుమతి తీసుకోలేదు గనుక ఇక్కడ రాయలేదు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది విమానంలో వచ్చినవారు. మీ ఏరు వేరు, మా ఏరు వేరు. అయినా మిమ్మల్ని దాటించిన మల్లయ్య ఒకరు ఉండే ఉంటారు: పొలం అమ్మి ఫీజు కట్టిన తాతగారో, తొలి నెలలలో తన గదిలో చోటిచ్చిన స్నేహితుడో. ఈ వారం భోజనాల దగ్గర పిల్లలను ఆ పేరు తెలుగులో రాయమని అడగండి. అక్షరదోషాలు ఉంటే ఫరవాలేదు, మేమూ అలాగే నేర్చుకున్నాము.