ఈవులా? ఈవులిచ్చిన దేవుడా?



ఆగమన కాలపు మూడవ ఆదివారం ఆనంద ఆదివారం. ఆనాడు గురువు గులాబి రంగు పూజావస్త్రాలు ధరించడం మీరు చూసే ఉంటారు. ప్రభువునందు ఆనందించమని ఫిలిప్పీయులను కోరిన పునీత పౌలు ఆ లేఖ వ్రాసింది చెరసాల నుండి. సంకెళ్ళలో ఉన్నవానికి ఆనందం ఎక్కడిది?

మన కాలంలో ఈ ప్రశ్నకు తమ జీవితంతో బదులిచ్చినవారు వియత్నాం దేశీయుడు కార్డినల్ ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారు. ఎనిమిదేళ్ళు న్యా ట్రాంగ్ పీఠాధిపతిగా ఉన్న ఆయనను, 1975 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, కమ్యూనిస్టు ప్రభుత్వం బంధించింది. న్యాయస్థానపు తీర్పు లేకుండానే 13 సంవత్సరాల చెర. అందులో 9 సంవత్సరాలు ఒంటరి గదిలో.

మొదట్లో ఆయన మనసు తల్లడిల్లింది. తన ప్రజలు, తాను చేపట్టిన పనులు అన్నీ చేజారాయి. ఒక రాత్రి ఆయన హృదయానికి ఒక సత్యం తోచింది: దేవుడు వేరు, దేవుని పనులు వేరు. ఆ పనులను దేవుడు మరొకరికి అప్పగించగలడు. తాను ఎన్నుకోవలసింది దేవునినే. కడుపునొప్పి మందు పేరిట విశ్వాసులు పంపిన ద్రాక్షారసం మూడు చుక్కలు, నీరు ఒక చుక్క అరచేతిలో పోసుకొని ఆయన దివ్యబలిపూజ అర్పించేవారు. ఆ అరచేయే ఆయనకు బలిపీఠం. 1988 నవంబరు 21న విడుదలయ్యారు.

తత్వశాస్త్రంలో కారణం వేరు, కార్యం వేరు అని నేర్పుతారు. సులువుగా చెప్పాలంటే, కుండ పగిలినంత మాత్రాన కుమ్మరి పోడు.

మనమైతే ఆనందానికి గడువులు పెట్టుకుంటాం. అబ్బాయికి ఉద్యోగం రానీ, అమ్మాయి పెళ్ళి కానీ, ఇంటికి స్లాబు పడనీ, అప్పు తీరనీ అంటాం. ఒకటి తీరేసరికి మరొకటి సిద్ధం. ఇవేవీ చెడ్డవి కావు, దేవుని ఈవులే. కాని ఈవులు వస్తాయి, పోతాయి. ఇచ్చినవాడు ఉంటాడు.

తెగులు సోకి మిరప తోట పోయిన రైతును నవ్వమని చెప్పడం నా ఉద్దేశం కాదు. యేసు ప్రభువు సైతం లాజరు సమాధి వద్ద కన్నీరు కార్చాడు. దుఃఖించడం పాపం కాదు. ఆ దుఃఖంలోనూ దేవుడు మనలను విడువలేదన్న నెమ్మదే క్రైస్తవ ఆనందం.

ఈ వారం కుటుంబ జపమాల ముగిశాక, మీరు గట్టిగా పట్టుకొన్న ఈవి ఏదో ఒక్క క్షణం ఆలోచించండి. అది లేకపోయినా నీవు చాలు ప్రభూ అని చెప్పగలరా? కష్టంలో ఉన్న పొరుగింటికి వెళ్ళండి. నీతులు చెప్పక, కాసేపు వారితో కూర్చోండి. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించేటప్పుడు గుర్తుంచుకోండి: ఆ ఖైదీ అరచేతిలోనికి దిగివచ్చిన ప్రభువే మీ వద్దకూ వస్తున్నాడు.

ఆయన మిమ్మును, మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.