డీసీ అంటే ఎవరి డీసీ?

క్రోషా నమూనా పుస్తకం తెరిస్తే ముందు కనిపించేవి పొడి అక్షరాలే. సీహెచ్ అంటే చైన్, ఎస్సీ అంటే సింగిల్ క్రోషా, డీసీ అంటే డబుల్ క్రోషా. చుక్కగుర్తు నుంచి మళ్ళీ చెయ్యమంటే ఆ గుర్తు దగ్గరకు వెనక్కి వెళ్ళాలి. ఇంత లెక్కగా ఉన్న భాషలో సందేహానికి చోటే లేదనిపిస్తుంది. కానీ అమెరికా పుస్తకంలో సింగిల్ అన్నదే బ్రిటన్ పుస్తకంలో డబుల్. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. బ్రిటన్ డీసీని అమెరికా డీసీ అనుకుని అల్లితే, బల్లపరుపుగా పరుచుకోవలసిన గుండ్రం గిన్నెలా పైకి లేస్తుంది.

మరి నమూనా అర్థం కావడమంటే ఏమిటి? పొడి అక్షరాల పట్టిక కంఠతా రావడమా? 'మూడు చైన్లు వెయ్యి, దాన్ని ఒక డీసీగా లెక్కపెట్టు' అంటుంది పుస్తకం. మూడు ఒకటెలా అవుతుంది? కొత్త వరస మొదలుపెట్టడానికి అంత ఎత్తు కావాలి కనుక. చాలా పుస్తకాలు ఈ కారణం చెప్పవు. 'సమంగా పెంచు' అన్నచోట ఏ కుట్టు దగ్గర పెంచాలో కూడా చాలాసార్లు చెప్పవు. అక్కడ ఆజ్ఞ ఆగిపోతుంది, చేతి నిర్ణయం మొదలవుతుంది.

ఒక సంగతి తెలిసి ఉండటం వేరు, ఒక పని చెయ్యడం తెలియడం వేరని గిల్బర్ట్ రైల్ 1949లో వాదించాడు. మన భాషలో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. నమూనా 'తెలుసు' అంటాం, అల్లిక 'వచ్చు' అంటాం. అయితే 'తెలుసు' అన్నవాళ్ళకి డిగ్రీలూ, 'వచ్చు' అన్నవాళ్ళకి కూలీ ఎందుకు దక్కుతున్నాయి?

నరసాపురం లేసు ఈ ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ క్రోషా పని, గోదావరి పల్లెల్లో ఇంటింటి పనై విదేశాలకు ఎగుమతయింది. దారం వర్తకుడిది, ధర వర్తకుడిది. పువ్వులు అల్లేవాళ్ళు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవాళ్ళు మరికొందరు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్నా ఈ స్త్రీలను గృహిణులుగానే లెక్కించారని, అది 'తీరిక వేళ పని'గా చలామణీ అయిందని మరియా మీస్ 1982లో తన పుస్తకంలో చూపించింది. పువ్వు మాత్రమే అల్లే మనిషికి మొత్తం నమూనా కనబడకపోతే, తన నైపుణ్యానికి బేరమాడే బలం కూడా తగ్గుతుంది.

అలాగని అక్షరాన్ని శత్రువుగా చూడలేం. 1840లలో రియెగో ద లా బ్రాంషార్డియేర్ అచ్చువేసిన నమూనాలు, ఆమె ఎన్నడూ చూడని స్త్రీల చేతుల్లోకి వెళ్ళాయి. ఎవరి దయా లేకుండా ఒంటరిగా నేర్చుకునే వీలు, రాసిన మనిషికి పేరు, రెండూ అచ్చు వల్లే వచ్చాయి. 'చేతి జ్ఞానం గొప్పది' అని నాబోటి పిహెచ్‌డీలు పొగుడుతూ కూర్చుంటే, ఆ పొగడ్త చాటున అక్షరం మళ్ళీ మన దగ్గరే ఉండిపోతుంది.

2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ముక్కకు ఎంత కూలి ఇవ్వాలో చెప్పదు. అల్లేవాళ్ళ మాటల్లోనే, తెలుగులో, గుర్తుల పట్టికతో సహా నమూనాలు రాసుకోవడం మొదలుపెడితే? ప్రతి నమూనా కింద దాన్ని కల్పించిన ఆమె పేరు, అల్లడానికి పట్టే గంటలు కూడా ఉంటే? గంటలు కాగితం మీదికెక్కాక దాన్ని తీరిక వేళ పని అనడం ఎవరికైనా కష్టమవుతుంది.