అల్లుడూ, పాత పిస్టన్ పారేయకు

అల్లుడూ, తోట ట్రాక్టర్ ఇంజిన్ మూడోసారి పట్టేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బంగారం మళ్లీ బ్యాంకులో పెట్టి కొత్త కిట్ వేయిస్తానంటున్నావట. వేయించు, వద్దనను. కానీ అంతకుముందు పాత పిస్టన్, లైనర్, రింగులు, షెల్ బేరింగులు ఏవీ ఎలమంచిలి పాత ఇనుము కొట్టుకి పోనివ్వకు. కడగొద్దని కూడా మేస్త్రీకి చెప్పి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకో. రెండుసార్లూ కొత్త సామాన్లు వేయించారే గానీ పాతవి ఎందుకు పోయాయో ఎవరూ చూడలేదు. ఇంజిన్ని పాడుచేసేది చాలాసార్లు ఇంజిన్ బయటే ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా ఎన్ని కిట్లు వేసినా డబ్బు దండగే.

పిస్టన్ని ఎండలో పట్టుకుని చూడు. చుట్టూరా లోతుగా గీతలు పడి, అల్యూమినియం చెదిరి లైనరుకి అంటుకుపోయి ఉంటే వేడికి పట్టేసినట్టు. మెరుపు పోయి మసకబారి అరిగి, రింగుల అంచులు కత్తిలా తేలి, లైనర్ పైభాగంలో గోటికి తగిలే మెట్టు పడితే అది దుమ్ము చేసిన పని. ఒక పక్క పైన, ఎదురు పక్క కింద అరిగి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిందేమో చూపించు. మొదటిసారి పట్టేసినప్పుడే వంగి ఉండొచ్చు. అది సరిచూడకుండా పిస్టన్ తొడిగితే, కొత్తది కూడా తొలిరోజు నుంచీ ఓరగానే నడుస్తుంది. పైముఖం కరిగి గుంట పడితే నాజిల్ మీద అనుమానం పెట్టుకో. డీజిల్ని పొగమంచులా చిమ్మాల్సింది పోయి కారుస్తోందన్నమాట.

నాకైతే దుమ్ము మీదే ఎక్కువ అనుమానం. వేసవిలో జీడితోటలో ఎండిన ఎర్రమట్టి మీద రోటవేటర్ వేస్తావు. చిన్న బండి, తన దుమ్ములో తనే నడుస్తుంది. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద చిట్లితే పైకి కనపడదు. క్లీనర్ బాగానే ఉన్నా మట్టి మాత్రం ఆ చీలికలోంచి నేరుగా సిలిండర్లోకి పోతుంది. గొట్టం విప్పి, ఇంజిన్ వైపు లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలు తిప్పు. ఎర్రగా అంటిందా, దొంగ దొరికినట్టే. నీది నూనె గిన్నె రకం క్లీనర్ కాబట్టి గిన్నెలో నూనె సరిగ్గా గీత దాకా ఉండాలి. తగ్గితే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఇంజిన్ పీల్చేస్తుంది. దుమ్ములో పనిచేసే రోజుల్లో 8, 10 గంటలకోసారి గిన్నె విప్పి చూడాల్సిందే, బద్ధకించకు.

ఇక వేడి సంగతికొస్తే, ఏటికొప్పాక ఫ్యాక్టరీకి చెరకు తోలిన పాత డ్రైవర్లు సాయంత్రం బండి ఆపగానే రేడియేటర్ రెక్కల్లో చెత్త దులిపేవారు. నువ్వూ ఆ అలవాటు చేసుకో. బోరు నీళ్లు పోయకు, లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంట్ పోయించు. ఫ్యాన్ బెల్టు వదులైందేమో చూడు. ఇంజిన్ కాగుతుంటే మాత్రం మూత తియ్యకు నాన్నా, ఆవిరి ఎగదన్ని మొహం కాలుతుంది.

ఆయిల్ తగ్గితే అందరూ గమనిస్తారు, పెరిగితే పట్టించుకోరు. పొయ్యకుండానే గేజి కడ్డీ మీద మట్టం పెరిగితే అందులో డీజిలో నీళ్లో కలుస్తున్నాయి. వాసన చూడు. పాలు కలిపిన రంగు తేలితే నీళ్లు. ఆ ఆయిల్‌తో ఒక్క గంట కూడా నడపకు.

క్రాంక్ గ్రైండింగ్ చేయించాక దాని ఆయిల్ రంధ్రాల్లో ఇనుప పొడి మిగిలితే కొత్త బేరింగుల్ని అదే తినేస్తుంది. బ్రష్షు పెట్టి డీజిల్‌తో కడిగి, గాలి కొట్టించేదాకా నువ్వు అక్కడే నిలబడు. ఆయిల్ పంపు, జల్లెడ కూడా విప్పించు. హెడ్ బోల్టులు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో బిగించమను. మేస్త్రీ చిన్నబుచ్చుకుంటాడని మొహమాటపడకు. బోరు కొలిచిన అంకెలు కాగితం మీద రాయించుకో.

ఒక మాట. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మనకి దూరమే. అయినా పనుల్లేని నెలల్లో వెళ్లొస్తే నీ చేతికే పని వస్తుంది, ప్రతిదానికీ ఇంకొకరి మాట మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది.

ఇంజిన్ కట్టించాక మొదటి 50 గంటలు రోటవేటర్ తగిలించకు. తేలిక పనులే చెయ్యి, ఆ 50 గంటలు అవగానే ఆయిల్ మార్చు. ఆ తర్వాత కూడా నల్లపొగ కక్కుతూ వేగం పడిపోతుంటే ఆ రోటవేటర్ నీ బండికి మించిందని అర్థం చేసుకో. ఈలోగా తోటలో దున్నకాలు ఆగిపోతాయని బెంగపడకు. పక్కూరి బండి అద్దెకి పిలువు, ఆ డబ్బు నేనిస్తాను.