కొత్త తలుపు, పాత చెయ్యి



ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచి వచ్చిరి గాని వారి నోరు ఐగుప్తులోనే ఉండిపోయెను. అరణ్యములో దినదినము మన్నా దొరకుచున్నను, వారు తలంచుకొని ఏడ్చినది అక్కడి చేపల నిమిత్తము, దోసకాయల నిమిత్తము, ఉల్లిపాయల నిమిత్తము. ఇటుకల చాకిరి మాత్రము ఎవనికిని జ్ఞాపకము రాలేదు. హోరేబునుండి కాదేషు బర్నేయకు 11 దినముల ప్రయాణమని ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయములో ఉన్నది. కాదేషునుండి బయలుదేరి జెరెదు ఏరు దాటువరకు 38 సంవత్సరములు పట్టెనని రెండవ అధ్యాయములో ఉన్నది. ఈ లెక్కను మేము ఎన్నియో మారులు ప్రసంగములలో చెప్పితిమి. 2022వ సంవత్సరములో మా సంఘ కార్యాలయపు కంప్యూటరు బల్లయొద్దగాని అది మా మనస్సునకు ఎక్కలేదు.

కంప్యూటరులోగాని సెల్‌ఫోనులోగాని ఇంటర్‌నెట్ పేజీలను తెరచి చూపు సాధనమును బ్రౌజర్ అందురు. పేజీలు ఎక్కడెక్కడనో ఉండును. బ్రౌజర్ వాటిని చేరుటకు మనకున్న తలుపువంటిది. తలుపు మార్చినంతమాత్రమున లోపలి ఇల్లు మారదు. మా కార్యాలయములో చాలకాలము వాడినది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్. అది 1995లో పుట్టినది. ఒకప్పుడు కొన్ని సర్కారు పేజీలు అందులో తప్ప సరిగా తెరచుకొనెడివి కావు గనుక, ఊరి పనులు చేసిపెట్టువారికి అదియే దిక్కు. అయితే 2022 జూన్ 15వ తేదీతో విండోస్ 10లో దానికి తమ సహాయమును నిలిపివేయుచున్నామని ఆ కంపెనీవారే ప్రకటించిరి. మరమ్మతు ఆగిన బ్రౌజర్ కన్నము పడినను పూడ్చువాడు లేని గోడవంటిది. దొంగలు ఆ కన్నమును వెదకి పట్టుకొందురు. పిల్లల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు నింపు చోట అట్టి గోడను నమ్ముట తగదు.

కావున ఆ జూలైలో మేము ఫైర్‌ఫాక్స్‌ను పెట్టుకొంటిమి. అది 2004 నుండి ఉన్నది. వెల ఏమియు లేదు. దానిని తయారుచేయు మొజిల్లావారి పేజీనుండియే దింపుకొంటిమి. (ఎవరో పంపిన లింకునుండి బ్రౌజర్ దింపుకొనవద్దని మన యౌవనులకు మరల మరల చెప్పవలసియున్నది.) పాతదానిలో గుర్తుపెట్టుకొన్న పేజీల జాబితా అంతయు ఒక్క నొక్కుతో కొత్తదానిలోనికి వచ్చెను. వాటిలో సగము ఎన్నడో మూతపడిన పేజీలే. మొత్తము పని ముప్పావు గంటలో ముగిసెను. ఇక అందరును దీనినే వాడవలెనని ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించి, మేము గ్రామ సందర్శనమునకు వెళ్లిపోయితిమి.

మా కార్యాలయములో బాప్తిస్మపు రిజిష్టరును ఎక్కించుట, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తులు పంపుట చూచువారు ఒక సంఘపెద్ద, రిటైరయిన ఉపాధ్యాయులు. ఊరంతయు ఆయనను మాష్టారుగారనియే పిలుచును. కంప్యూటరును డెబ్బదియవ యేట నేర్చుకొనిన మనిషి. ఒకనాటి సాయంకాలము మేము లోనికి వచ్చునప్పటికి ఆయన పాత బ్రౌజర్ ముందు కూర్చుండి, సగము తెరచుకొని నిలిచిపోయిన పేజీని మరల మరల నొక్కుచుండెను. ఒక కూలివారి అమ్మాయి దరఖాస్తునకు అదే ఆఖరి దినము. ఆమె తల్లి గుమ్మమునొద్ద నిలువబడియుండెను. మాకు కోపము వచ్చెను.

"మాష్టారూ, గోడమీద అంత పెద్ద అక్షరాలతో రాశాం కదండీ! చదువు చెప్పినవారు మీరే చదవకపోతే ఎలాగండీ?" అంటిమి. యౌవన సమాజపు పిల్లలు నలుగురు అక్కడనే ఉండిరి. ఒకడు నవ్వెను. ఆయన ఏమియు అనక లేచి, కండువా భుజమున వేసికొని, చెప్పులు తొడుగుకొని వెళ్లెను.

తరువాత మేము కూర్చుండి కొత్త బ్రౌజర్ తెరచితిమి. ఆ పేజీ పాస్‌వర్డు అడిగెను. అది మాకును తెలియదు. ఎన్నో యేండ్లక్రితము ఎవరో పెట్టినది. పాత బ్రౌజర్ దానిని తనయందు దాచుకొని ప్రతిసారి తానే నింపుచు వచ్చినది. మేము పేజీల జాబితాను తెచ్చుకొంటిమే గాని పాస్‌వర్డుల సంగతి తలంచనేలేదు. మాష్టారుగారు కొత్తదానినే మొదట తెరచి, అడ్డు తగిలి, దారి తోచక పాతదానియొద్దకు వెళ్లిరని అప్పుడు తెలిసెను. తప్పు మాది, మాట పడినది ఆయన. ఒక పిల్లవాడు కంప్యూటరులోని కంట్రోల్ ప్యానెల్ తెరచి, క్రెడెన్షియల్ మేనేజర్ అనుచోట ఆ పాస్‌వర్డును కనుగొనెను. రాత్రి 9 గంటల 40 నిమిషములకు దరఖాస్తు వెళ్లెను. ఆ తల్లి మాకు దండము పెట్టినప్పుడు ఆమె ముఖము చూడలేకపోయితిమి.

మాష్టారుగారు ఆదివారపు ఆరాధనకు వచ్చుచుండిరి గాని కార్యాలయపు మెట్టు ఎక్కలేదు. ఆయన పని మా మీద పడెను. మూడు వారములు మా చెయ్యి మాకు బుద్ధి చెప్పెను. పాతదానిలో పేజీని మరల తెచ్చు గుండ్రని బాణము, అడ్రసు వ్రాయు పట్టీకి కుడిచివర ఉండెడిది. కొత్తదానిలో అది ఎడమప్రక్కనున్నది. కంటికి తెలిసినను చెయ్యి కుడికే పోవును. నక్షత్రపు గుర్తు ఒకప్పుడు పై మూలనుండెను, ఇప్పుడు అడ్రసు పట్టీలోపల ఉన్నది. చక్రపు గుర్తు బదులు మూడు గీతలు. ఇవి చిన్నవే. అయినను దినమునకు ఇరువది మారులు తప్పు నొక్కి, 'పాతదే మేలు' అని లోలోపల సణిగితిమి. గోడమీద కాగితము వ్రాసినవారమును మేమే!

ఒకడు అన్నియు తినును, మరియొకడు కూరగాయలే తినును, తినువాడు తిననివానిని తృణీకరింపరాదని పౌలు రోమీయులకు వ్రాసిన సంగతి మనము ఎరుగుదుము. మేము బ్రౌజర్‌ను సిద్ధాంతముచేసి, దానిపేరిట ఒక పెద్దను పిల్లల యెదుట తృణీకరించితిమి. కన్నము పడిన గోడను విడువవలెననుట నిజమే. ఆ మాట ఇప్పటికిని వెనుకకు తీసికొనము. అయితే విడుచుటకు కావలసిన దినములను ఆయనకు మేము ఇయ్యలేదు.

నాలుగవ వారము ఆయన ఇంటికి వెళ్లితిమి. అరుగుమీద చాప వేసిరి. మేము క్షమాపణ అడుగగా ఆయన చాలసేపు తమ అరచేతులను చూచుకొనిరి.

"అయ్యగారూ, బుద్ధికి తెలుసండి. చెయ్యే వినదు. నలభై ఏళ్లు నల్లబల్లమీద రాసిన చెయ్యి ఇది, ఇప్పటికీ పెన్ను పట్టుకుంటే సుద్దముక్కలాగే పట్టుకుంటుంది," అనిరి. తరువాత, "ఆ పిల్లలు నవ్వకుండా ఉంటే వద్దును," అనిరి. నవ్విన పిల్లవాడు మరునాడు తానే వెళ్లి ఆయనను తోడ్కొని వచ్చెను.

ఈసారి పాత గుర్తును తెరమీదనుండి తీసివేసితిమి, ఎదుట ఉన్నంతకాలము చెయ్యి అక్కడికే పోవును గనుక. పాస్‌వర్డులన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో పెట్టితిమి. ఆ పిల్లవాడు పది దినములు ఉదయము అరగంట ఆయన ప్రక్కన కూర్చుండెను; మౌస్‌ను తాను ముట్టరాదని అతనికి నియమము. ఆ నియమము అతనికి మహా కష్టమాయెను. ఆరవ దినమున మాష్టారుగారి చెయ్యి అడుగకయే ఎడమకు వెళ్లెను. మూతపడిన పేజీల గుర్తులను ఆయనయే ఒక్కొక్కటి తెరచి చూచి తీసివేసిరి.

2023 ఫిబ్రవరి 14న మైక్రోసాఫ్ట్‌వారు విండోస్ 10లో పాత బ్రౌజర్ ఇక తెరచుకొనకుండ చేసిరి. ఆ సంగతి మాకు తెలియకముందే ఆయన పత్రికలో చదివి వచ్చి, "మన ఇంట్లో దాని దినం ఎప్పుడో అయిపోయింది కదండీ," అని నవ్విరి. ఫైర్‌ఫాక్స్ అను పేరు మాత్రము ఆయన నోట పలుకదు. "కొత్త తలుపు తియ్యరా" అనియే ఆ పిల్లవానితో చెప్పుదురు.